అద్దకపు చేతుల దద్దుర్లు, వైద్యుని చీటీ

సూరతు నగరమున ఉధనా, లింబాయత్, పాండేసరా ప్రాంతములలో, దీపములు పెట్టు వేళకు ఏ చిన్న వైద్యశాల ముంగిట నిలిచి చూచినను, పన్నెండు గంటల షిఫ్టు ముగించుకొని, దారపు ధూళియు రసాయనపు వాసనయు ఇంకను వదలని బట్టలతోడనే వచ్చి, మోచేతులు గోకుకొనుచు బల్లలపై వరుసగా కూర్చున్న కార్మికులు కనబడుదురు. లోపలి వైద్యుడు ఒక్కొక్కనికి ఒకటి రెండు నిమిషములకంటె ఎక్కువ కాలము వెచ్చింపజాలడు. చేయి త్రిప్పి చూచును, ఎన్నాళ్ళనుండి యని యడుగును, చీటీమీద దురద, దద్దుర్లు అను రెండు మాటలు గీసి, ఒక లేపనమును ఒక మాత్రను వ్రాసి పంపివేయును. ఆ రోగి ఏ మిల్లులో పని చేయుచున్నాడో, ఆ మిల్లులో అతని చేతులు దినమంతయు దేనిలో మునిగియుండునో ఆ చీటీలో ఎక్కడను ఉండదు. చీటీ చొక్కా జేబులో చెమటకు తడిసి నాలుగు దినములలో చిరిగిపోవును. వైద్యశాలలో దానికి ప్రతి యుండదు. నగరమున ఏటేట ఇట్టి చీటీలు ఎన్ని వ్రాయబడుచున్నవో లెక్కింపబూనినవానికి లెక్కించుటకు ఏమియు మిగిలియుండదు.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఈ చీటీని గూర్చియే. వ్యాధికి పేరు పెట్టుట, ఆ పేరును అంతర్జాతీయ వర్గీకరణమునందలి యొక సంకేతముతో ముడివేసి నమోదు చేయుట అను కార్యమును గుమాస్తా పనియని మనవారు తేలికగా తీసివేయుదురు. కాని, ఎక్కడ ఆ వ్రాతవలన డబ్బు వచ్చునో అక్కడ అది అత్యంత శ్రద్ధతోను, ఎక్కడ ఆ వ్రాతవలన ధనవంతునిపై బాధ్యత పడునో అక్కడ అది అత్యంతమైన అశ్రద్ధతోను జరుగుచున్నదనియు, ఆ రెండు కొసలయందును మన తెలుగువారే యున్నారనియు గ్రహించినవారికి, ఇది గుమాస్తా పనిగా తోచదు.

సూరతులో తెలుగువారనగా ముఖ్యముగా పద్మశాలీలు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలలో చేతిమగ్గములు మూలబడిన కాలమున, సోలాపురమునకును భీవండికిని బొంబాయికిని పోయినట్లే తాపీ నదీతీరమందలి సూరతునకును తరలిపోయి, అక్కడ సాంచాలు అను మరమగ్గములు నడుపుచు, లింబాయత్ పరిసరములలో స్థిరపడినవారు వీరు. ఆ నగరపాలక సంస్థ నడుపు ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, ఉర్దూ, మరాఠీ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమముకూడ ఉండుటయే వారి సంఖ్యకు తగిన సాక్ష్యము. మగవారిలో పలువురు సాంచాలయొద్దనే యున్నను, కొందరు అద్దకపు మిల్లులకును అచ్చుపని మిల్లులకును చేరిరి. ఆడవారు ఇంటిపట్టుననే యుండి, చీరలకు జిగురుతో రాళ్ళును తళుకులును అంటించి, చీరకింత యని కూలి తెచ్చుకొందురు. గంజాము జిల్లానుండి వచ్చిన ఒడియావారును, ఉత్తర ప్రదేశ్, బీహారులనుండి వచ్చినవారును ఆ మిల్లులలోనే ఉన్నారు గనుక, నేనిక్కడ చెప్పునది మనవారి కొక్కరికే చెందినది కాదు.

సూరతున ముఖ్యముగా తయారగునది నూలుబట్ట కాదు, పాలియెస్టరు. దానికి రంగు పట్టుట కష్టము. నీటిలో కరుగక, మెత్తని పొడిగా తేలియాడు డిస్పర్స్ రంగులను, జెట్ యంత్రములో పీడనమును పెంచి, సుమారు 130 డిగ్రీల వేడిలో బట్టలోనికి ఎక్కింపవలెను. అంతకు ముందు బట్ట బరువు తగ్గించి మెత్తదనము తెచ్చుటకు కాస్టిక్ సోడాలో ఉడికింతురు. రంగు కుదురుటకు ఎసిటిక్ ఆమ్లము కలుపుదురు. ఎక్కిన పిమ్మట పైపైన మిగిలిన రంగును వదలించుటకు మరల కాస్టిక్ సోడాతోను, కార్మికులు హైడ్రో అని వ్యవహరించు సోడియం హైడ్రోసల్ఫైటుతోను కడుగుదురు. రంగుల పొడిని తూచి కలుపు గదికి కలర్ కిచెన్ అని పేరు. ఆ గదిలో పొడి గాలిలో లేచి, చెమటపట్టిన మెడమీదను మోచేతి మడతలలోను నిలిచిపోవును. చేతికి తొడుగులు ఇచ్చిన మిల్లులలోను, ఆ వేడికి లోపల చెమట నిండి పట్టు జారుచుండుటచేత, గంటలో వాటిని తీసి ప్రక్కన పెట్టువారే యెక్కువ. షిఫ్టు ముగిసిన తరువాత చేతుల నీలమును ఎరుపును వదలించుటకు ఇంకొక మార్గము లేక, బట్టకు వాడిన హైడ్రోతోనో బ్లీచింగు పొడితోనో చేతులు రుద్దుకొందురు. రంగు చేయని చెరుపు ఈ రుద్దుకొనుట చేయును. క్రొత్తగా చేరిన కుఱ్ఱవాడు వ్రేళ్ళ సందులలో పగుళ్ళు చూపినచో, ప్రక్కనున్న పెద్దవాడు, "ఏం గాదు తమ్మీ, కొత్తల అందరికి గిట్లనే అయితది, చేతులు అలవాటు పడ్తయ్" అనును.

ఆ పెద్దవాని మాటలో సగమే నిజము. క్షారములును ఆమ్లములును చర్మపు పైపొరను కొఱికివేయుటచే కలుగు దద్దురు ఒకటి. అది ఎవరికైనను రావచ్చును, పదార్థము ఎంత గాఢమో, తాకిడి ఎంతసేపో దానినిబట్టి తీవ్రతయు ఉండును, కొందరికి కాలక్రమమున చర్మము గట్టిపడి కొంత తగ్గుటయు కలదు. రెండవది అట్టిది కాదు. డిస్పర్స్ బ్లూ 106, డిస్పర్స్ బ్లూ 124 వంటి రంగులను శరీరము ఒకమారు శత్రువులుగా గుర్తించినచో, ఆ జ్ఞాపకము సామాన్యముగా జీవితాంతము పోదు. పిమ్మట రవంత పొడి సోకినను దద్దురు లేచును, అలవాటు పడుట యను ప్రసక్తియే లేదు. మొదటి రకపు దద్దురు గలవానికి మంచి తొడుగులును మంచినీటి కుళాయియు చాలును. రెండవ రకముగలవాడు ఆ రంగునకు దూరమగుటయో, ఆ రంగు మిల్లునుండి తొలగుటయో జరుగవలెను. చూచుటకు రెండును ఒక్కవిధముగనే యుండును. భేదమును నిర్ణయించునది రోగి చరిత్రయు, వీపుమీద అనుమానిత పదార్థములను చిన్న పట్టీలుగా అంటించి, రెండు దినములకు తీసి చూచి, మరల నాలుగవ దినమున చూచు ప్యాచ్ పరీక్షయు. ఈ పరీక్షకు ఆద్యుడు జర్మను వైద్యుడు యోసెఫ్ యాడసోన్. అతడు దానిని ప్రకటించినది 1895లో. మన దేశమునకు తగిన పదార్థముల వరుసను భారతీయ స్పర్శజన్య, వృత్తిజన్య చర్మవ్యాధుల వేదిక యను వైద్యుల సంఘము సిద్ధము చేసియే యున్నది.

ఇక సంకేతముల మాట. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియోన్ మరణకారణముల జాబితాగా ప్రారంభించిన వర్గీకరణము, పలు సవరణలు పొంది, 1990లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన పదియవ సవరణగా మన దేశమునకును వచ్చినది. పదునొకండవది 2019లో ఆమోదింపబడి 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. పదియవ సవరణలో చర్మవ్యాధులకు ఎల్ అను అక్షరము. అలెర్జీవలని స్పర్శజన్య చర్మశోథకు ఎల్ 23. అందులో రంగులవలన వచ్చినది ఎల్ 23.4, జిగురులవలన వచ్చినది ఎల్ 23.1, లోహములవలన వచ్చినది ఎల్ 23.0. దాహకపదార్థములవలన వచ్చినది ఎల్ 24. దద్దుర్లు ఉన్నవి గాని అవి ఏమో తేలలేదు అనుటకు మాత్రము చర్మవ్యాధుల అధ్యాయమున కాక, లక్షణముల అధ్యాయమున ఆర్ 21 అని యొక సంఖ్య కలదు. ఇంతేకాక, పరిశ్రమలలో విషపదార్థముల సాన్నిధ్యమున మెలగుట యను విషయమునకు జెడ్ 57.5 అనియు, వృత్తిసంబంధమైన స్థితి యని గుర్తు పెట్టుటకు వై 96 అనియు ప్రత్యేకముగా కల్పించినారు. జినీవాలో కూర్చున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పండితులకు, కలర్ కిచెన్‌లోని కార్మికుడును, లింబాయత్ గదిలో జిగురుతో తళుకులంటించు గృహిణియు తలపునకు వచ్చినారు. వారి వీధిలోని వైద్యుని చీటీమీద మాత్రము వారు ఇంకను ఆర్ 21గానే ఉన్నారు, ఆ సంఖ్యయైనను వ్రాసినప్పటి మాట.

ఇప్పుడు రెండవ కొస. హైదరాబాదులో అమీర్‌పేట శిక్షణశాలలలో చదివి, మాదాపురములోను గచ్చిబౌలిలోను ఉద్యోగములు చేయుచున్న వేలకొలది తెలుగు యువతీయువకులు, అమెరికాలో ఎవరో ఒక రోగి తోటపని చేయుచు పాయిజన్ ఐవీ యను విషపు తీగను తాకి దద్దుర్లు తెచ్చుకొనగా, అతని వైద్యుడు వ్రాసిన పత్రమును తెరపై చదివి, ఎల్ 23.7 అని సంకేతము వేయుదురు. ఆ దేశమున 2015 అక్టోబరు 1 నుండి పదియవ సవరణయొక్క అమెరికా రూపము నిర్బంధమైనది. రోగనిర్ణయ సంకేతములు సుమారు 14,000 నుండి సుమారు 70,000 అయినవి. మన పిల్లల నేర్పును చూచి నేను నిజముగా ఆశ్చర్యపడుదును. వైద్యుడు వ్రాయనిది తాము ఊహించి వేయరాదు. బాహ్యరోగి విషయమున వైద్యుడు 'కావచ్చును', 'అనుమానము' అని వ్రాసినదానిని నిర్ణయముగా గ్రహింపరాదు, లక్షణమునే సంకేతింపవలెను. కారణము తెలిసినప్పుడు కారణము లేని సంకేతము వేసిన, బీమా సంస్థ బిల్లును త్రిప్పి పంపును. సందేహమున్నయెడల వైద్యునికి ప్రశ్న పంపి సమాధానము తెప్పించుకొనవలెను. కూలికి చేసిన పనిలో కలిగిన హాని యైనచో ఆ మాటకును వై 99.0 అని వేరొక గుర్తు కలదు. ఇంత నిష్ఠ ఎందుకనగా, ఒక్కొక్క అంకె వెనుక డాలర్లు ఉన్నవి గనుక.

మన దేశమునను డబ్బున్నచోట ఈ నిష్ఠ లేదనవలనుపడదు. 2007లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశమున ఆరోగ్యశ్రీ ప్రారంభమైననాటినుండి, ఏ శస్త్రచికిత్సకు ఏ ప్యాకేజీ సంఖ్యయో మన ఆసుపత్రుల గుమాస్తాలకు కంఠస్థము; 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చిన పిమ్మట ఆ విద్య దేశమంతట వ్యాపించినది. కాని దద్దుర్లు శయ్యమీద పడుకొనబెట్టి చికిత్స చేయు వ్యాధి కాదు. దానికి ఏ ప్యాకేజీయు లేదు. పైపెచ్చు, వైద్యుల నడవడిని గూర్చిన 2002 నాటి నియమములు, ఆసుపత్రిలో చేర్చుకొనబడిన రోగుల పత్రములను 3 సంవత్సరములు భద్రపరుపవలెననియు, అడిగినచో 72 గంటలలో ఈయవలెననియు విధించినవి గాని, బయటినుండి వచ్చి చూపించుకొని పోవువాని మాట అందులో లేదు. చర్మరోగి దాదాపు ఎల్లప్పుడును బయటివాడే.

రోగిని అతని వృత్తి యేమని యడుగవలెనను సూత్రము క్రొత్తది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దీనో రామజ్జీని 1700లో వృత్తులవలని వ్యాధులను గూర్చి గ్రంథము వెలువరించుచు, హిప్పోక్రటీసు చెప్పిన ప్రశ్నలకు ఈ యొక్క ప్రశ్నను తాను చేర్చుచున్నానని ప్రకటించినాడు. మూడు వందల సంవత్సరములు దాటిన తరువాత, దేశమున మనుష్యుల వస్త్రములకు రంగులద్దు మహానగరమున, ఆ ప్రశ్న పడుటలేదు. పడినచో చీటీ ఎట్లుండునో చూపుట సులభము. 'జెట్ యంత్రమువద్ద రెండేండ్లుగా పని. ఎనిమిది నెలలుగా రెండు చేతుల వెనుకభాగమునను, మణికట్టులపైనను, వ్రేళ్ళ సందులలోను ఎఱ్ఱని దద్దుర్లు, పగుళ్ళు. అరచేతులు కొంత మేలు. తొడుగులు లేవు. హైడ్రోతో చేతులు కడుగుకొనును. దీపావళి సెలవులలో ఊరికి పోయి ఇరువది దినములు ఉన్నప్పుడు పూర్తిగా తగ్గినది, తిరిగి వచ్చిన వారములోపల మరల లేచినది. తోడివారిలో ఇద్దరికి ఇట్లే కలదు. మందుల దుకాణములో కొన్న లేపనము రెండు నెలలు వాడెను.' ఇది వ్రాయుటకు రెండు నిమిషములు పట్టును. అందులో దీపావళి వాక్యము ఒక్కటియే సగము రోగనిర్ణయము.

లేపనపు వాక్యమును గూర్చి ఇక్కడ కొంచెము ఆగవలసియున్నది. గత పదిపదునైదేండ్లుగా దేశమంతట తామర మొండిదై వ్యాపించుచున్నది; దానికి ఒక కారణముగా, స్టిరాయిడును శిలీంధ్రనాశకమును సూక్ష్మజీవినాశకమును కలిపిన గొట్టములు చీటీ లేకుండ అమ్ముడుపోవుటను చర్మవైద్యుల సంఘము వేలెత్తి చూపుచున్నది. 2018లో కేంద్ర ప్రభుత్వము పలు స్టిరాయిడు లేపనములను చీటీపై మాత్రమే అమ్మవలసిన షెడ్యూలు హెచ్‌లో చేర్చినది. దుకాణములలో అమ్మకము మాత్రము ఆగలేదు. స్టిరాయిడు పూసిన తామర తన గుండ్రని అంచును పోగొట్టుకొని వేఱువ్యాధివలె కనబడును. స్టిరాయిడు పూసిన రంగుదద్దురు తాత్కాలికముగా అణగి, రోగి మరల జెట్ యంత్రమువద్దకు పోవుటకు తోడ్పడును. చెమటయు తేమయు నిండిన మిల్లులో తామరయు, చెమటపొక్కులును, ఒక్క గదిలో పదిమంది షిఫ్టులవారీగా పడుకొనుటచే గజ్జియు, రంగుదద్దురును అన్నియు కలియబడియుండును. అన్ని దద్దుర్లును మిల్లువలననే యనుట ఎంత తప్పో, అన్నిటిని ఒక్క గొట్టముతో మాన్పబూనుట అంతకంటె పెద్ద తప్పు.

చట్టమున ఏ కొదవయు లేదు. 1948 నాటి కర్మాగారముల చట్టపు మూడవ అనుసూచికలో, ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో, రసాయనములును రంగులును నేరుగా తాకుటవలని చర్మశోథ చేర్చబడియుండెను. 89వ విభాగము ప్రకారము, అట్టి రోగిని చూచిన వైద్యుడు తడవు చేయక కర్మాగారముల ప్రధాన పరీక్షాధికారికి రోగి పేరును, వ్యాధిని, అతడు పని చేయు కర్మాగారమును వ్రాసి పంపవలసియుండెను. పంపనివానికి వేయి రూపాయల వరకు జరిమానా యుండెను. అంతేకాదు, ఆ నివేదిక నిజమని తేలినచో వైద్యునికి రుసుము చెల్లించి, ఆ సొమ్మును మిల్లు యజమానినుండి భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవలెనని కూడ అందులోనే యుండెను. 2025 నవంబరులో ఆ చట్టపు స్థానమున అమలులోనికి వచ్చిన 2020 నాటి వృత్తిభద్రతా సంహితయు అట్టి జాబితానే తన మూడవ అనుసూచికగా నిలుపుకొన్నది. వైద్యులు డబ్బునకే కదలుదురని నిందించువారు ఈ రుసుమును గూర్చి ఎన్నడైన విన్నారా? నేనెరిగిన వైద్యులలో విన్నవారు అరుదు.

పనిలో కలిగిన హానికి పరిహారమిప్పించు చట్టము మరింత విచిత్రమైనది. 1923 నాటిదై 2025 వరకు అమలునందున్న ఆ చట్టపు మూడవ అనుసూచికలో, భౌతిక, రసాయనిక, జైవిక కారణములవలని చర్మవ్యాధులు రెండవ భాగమున ఉండెను. ఆ భాగములోని వ్యాధి వచ్చినవాడు ఒకే యజమానియొద్ద ఆరు నెలలకు తక్కువ కాకుండ ఎడతెగక పని చేసియుండిన, అది పనివలన కలిగిన హానిగానే భావింపబడుచుండెను. ఆరు నెలలు పని చేసినట్లు రుజువెక్కడ? ఠేకేదారు, అనగా గుత్తేదారు, చేతిమీదుగా కూలి పుచ్చుకొను అద్దకపువానికి నియామకపు పత్రము లేదు, జీతపు చీటీ లేదు. ఇ.ఎస్.ఐ. అను కార్మికుల ఆరోగ్యబీమా కార్డు ఉన్నవాని విషయము వేరు, యజమాని సంఖ్య దానిమీదనే యుండును. కార్డు లేనివానికి, ఫలానా మాసమున ఫలానా మిల్లులో పని చేయుచుండెనని మూడవ మనుష్యుడు వ్రాసి తేదీ వేసిన కాగితము ఏదైన నున్నచో అది వైద్యుని చీటీ యొక్కటియే కాగలదు. దానిలో మిల్లు పేరు వ్రాయకపోవుట వట్టి అశ్రద్ధ కాదు. న్యాయస్థానమునకు పోవు దారిలో ఉన్న ఒక్కగానొక్క మెట్టును తీసివేయుట.

మిల్లు పేరు వ్రాయవద్దని రోగియే బ్రతిమాలుకొనుటయు కద్దు. "పేరు రాయకుర్రి సార్, ఠేకేదారు సూస్తే రేపట్నుంచి రావద్దంటడు" అనువానికి వైద్యుడేమి చెప్పగలడు? ఊరిలో అప్పు ఉన్నది, పిల్లల ఫీజులున్నవి, దద్దురునకంటె ఆకలి పెద్దది. ఈ భయమును లేదని త్రోసిపుచ్చు సంస్కర్తలపై నాకు నమ్మకము లేదు. 89వ విభాగము రోగి పేరును చిరునామాను కోరుటయే దాని బలహీనతగా నుండెనని కూడ నా యభిప్రాయము. పేరున్నందుననే వైద్యుడు కలము ఎత్తడు, రోగి నోరు మెదపడు. ఇంటియొద్ద జిగురు పని చేయు స్త్రీల సంగతి ఇంకను అన్యాయము: వారి యిల్లు కర్మాగారము కాదు, వారికి యజమాని యెవడో తెలియదు, చీరల మూట తెచ్చి యిచ్చు మధ్యవర్తి మాత్రమే తెలియును. వ్రేళ్ళ చివరలు పగిలి ఎఱ్ఱబడిన ఆ చేతులకు చట్టమున చోటే లేదు. అంతర్జాతీయ వర్గీకరణములో మాత్రము ఒక్క చోటు, ఎల్ 23.1, కలదు.

లెక్క లేకపోవుట ఎంత ప్రమాదమో సూరతునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. 1994 సెప్టెంబరులో అక్కడ ఊపిరితిత్తుల ప్లేగు వ్యాపించినదన్న వార్తతో లక్షలకొలది జనులు, మన తెలుగు కుటుంబములతో సహా, రైళ్ళెక్కి పారిపోయినారు. ఆ తరువాత చాలకాలము అది ప్లేగు ఔనా కాదా యను వివాదము సాగినది, తొలి దినములలో సేకరింపవలసిన ప్రయోగశాలా సాక్ష్యము సక్రమముగా సేకరింపబడలేదన్న విమర్శ విదేశములనుండియు వచ్చినది. కేంద్ర ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘమునకు అధ్యక్షత వహించి, చెల్లాచెదరైన సాక్ష్యములను కూర్చి, అది ప్లేగే యని 1995లో నివేదించినవాడు శ్రీకాకుళమున జన్మించిన వులిమిరి రామలింగస్వామి. అదే సంవత్సరము నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు చెత్తను ఎత్తించి వీధులను శుభ్రపరచిన కథను దేశము చెప్పుకొన్నది. ఆసుపత్రులనుండి జ్వరముల, అతిసారముల సంఖ్యలను ప్రతిదినము తెప్పించుకొను అలవాటు నగరపాలక సంస్థకు పడినది కూడ ఆ ప్లేగు పిమ్మటనే. జ్వరమును లెక్కించు నగరమునకు దద్దురును లెక్కించుట కొత్త విద్య కాదు. జ్వరము ధనవంతుని యింటికిని పోవును గనుక లెక్కింపబడినది, దద్దురు కలర్ కిచెన్ దాటి రాదు గనుక లెక్కింపబడలేదు.

కావున నేను కోరునది పెద్దది కాదు. రోగి పేరు అక్కరలేదు, మిల్లు పేరుకూడ మొదట అక్కరలేదు; ప్రభుత్వపు న్యూ సివిల్ ఆసుపత్రియు, నగరపాలక సంస్థకు చెందిన స్మీమెర్ వైద్యకళాశాల ఆసుపత్రియు, నగరారోగ్య కేంద్రములును తమ చర్మరోగుల చీటీలమీద, రబ్బరు ముద్రతో నాలుగు ఖాళీలు వేయించవలెను: ఏ పని, ఏ ప్రాంతపు మిల్లు, ఎన్నాళ్ళనుండి, సెలవులలో తగ్గినదా. ఆ నాలుగిటికి సమాధానములున్నచో ఎల్ 23, ఎల్ 24, తామరకు చెందిన బి 35, గజ్జికి చెందిన బి 86 అను సంకేతములలో ఏది తగునో వేయుట, దినమునకు వందలకొలది అమెరికా పత్రములు చూచు మన హైదరాబాదు పిల్లలకు ఒక పనియా? ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణము ఉచితముగా లభించును. ఆసుపత్రులకు గుమాస్తాలు లేరను అభ్యంతరము నిజమే యైనచో, ఆ విద్యను బోధించు శిక్షణశాలలు, అభ్యాసము కొరకు పాత అమెరికా పత్రములను నకళ్ళు తీయించుటకు మారుగా, పేర్లు తొలగించిన సూరతు చీటీలను విద్యార్థులకు ఈయవచ్చును. అందుకు ఇరుపక్షముల వ్రాతపూర్వకమైన అంగీకారము, రోగి గోప్యతకు తగిన కట్టుబాటు ఉండవలెను. ప్యాచ్ పరీక్షకు వలయు పదార్థములలో డిస్పర్స్ రంగులను చేర్చి, వారములో ఒక దినమైనను ఆ పరీక్షకు కేటాయించుట ఆ రెండు పెద్ద ఆసుపత్రులకు అసాధ్యము కాదు. అదే రాష్ట్రమున, అహ్మదాబాదులో, 1966లో ప్రారంభమైన జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చుటకు సిద్ధముగనే యున్నది.

అట్టి లెక్కవలన మిల్లు యజమానులకు అపకీర్తి వచ్చునని బెదరువారు కొందరుందురు. ప్రాంతములవారీ సంఖ్యలలో ఏ యజమాని పేరును ఉండదు. ఒక వీధిలో దద్దుర్లు ప్రక్క వీధికంటె మూడింతలుగా ఉన్నచో, పరీక్షాధికారి ఆ వీధికి పోయి కుళాయిలను, తొడుగులను, హైడ్రో డ్రమ్ములను చూచి రావలెను, అంతే. వైద్యుడు ఒక్క రోగినిగూర్చి వ్రాయ భయపడునుగాని, వందమంది లెక్కలో ఒక గీత గీయుటకు భయపడడు.

మొదలు పెట్టుటకు తగిన కాలముకూడ ఒకటి కలదు. దీపావళికి సూరతు మిల్లులు మూతపడి కార్మికులు స్వస్థలములకు పోవుదురు. ఆ సెలవుల చివర వచ్చు లాభపంచమినాటికి మార్కెట్టులు తెరచుకొనును, పిమ్మట జెట్ యంత్రములును మరల తిరుగును. ఊరిలో తగ్గిన దద్దురు మరల లేచునది ఆ తరువాతి పదునైదు దినములలోనే. ఆ పక్షములో వచ్చిన ప్రతి చర్మరోగిని సెలవులను గూర్చిన ఆ నాలుగవ ప్రశ్న అడిగి, వచ్చిన సమాధానమును ప్రాంతము ప్రక్కన వ్రాసి ఉంచినచో, పాండేసరాలోను సచిన్ పారిశ్రామిక వాడలోను ఏ వీధి మిల్లులకు పరీక్షాధికారి ముందుగా పోవలెనో ఆ జాబితా మార్గశిరమునాటికి అతని బల్లమీద నుండును.